ఎడమ దిక్కు సీట్లు

మొదలు నాకు పొగరనుకున్నరు.
మూడో సీట్ల ముసలామె, ఆధార్ కార్డు పట్టుకొని
ములుగు రోడ్డు నుంచి గూడెప్పాడ్ దాక
చాపిన చెయ్యి చాపినట్టే ఉన్నదట.
"ఏం బిడ్డా, మేం మనుషులం గామా?"
బస్సంతా నవ్వింది. నేనూ నవ్విన.
నవ్వుకుంటనే జీరో టికెట్టు కొట్టిచ్చిన.

తర్వాత ఒకనాడు ఫుట్‌బోర్డు లేదు.
ఉన్నది. నా కాలికి దొరకలేదు.
ఇంట్ల తలుపు రెక్క
ఎడమ భుజాన్ని రోజూ ఒక్కతీరుగ పొడిచేది.
చాయ పోస్తే గిలాసల సగం, బండ మీద సగం.
"కనపడ్తలేదా అమ్మా?" అని చిన్నది అడిగితే
వాకిట్ల ఎవ్వరో పిలిచిండ్లని లేచి పోయిన.

ఆఖరి ట్రిప్పుల హన్మకొండ చౌరస్త.
ప్రతి లైటు చుట్టూ ఒక సింగిడి.
ఎంత ముద్దుగున్నయో అనుకున్న.
ఇప్పటికీ సిగ్గనిపిస్తది,
రోగాన్ని చూసి మురిసిన.

ఎవ్వరికీ చెప్పలే.
కండక్టరంటే కండ్లు, వేళ్లు, చిల్లర.
"మెడికల్ అన్‌ఫిట్" అనే మాట
మా డిపోల గట్టిగ ఎవ్వరూ అనరు,
పాము పేరు రాత్రి తియ్యనట్టు.
యాభై మూడు మందిని యాభై అని రాసిన నాడు
చెకింగ్ సారు రాలేదు, బతికిన.

సారంగపాణి సారు ఆరెపల్లిల ఎక్కుతడు.
పరకాల బడిల లెక్కలు చెప్తడు.
తెల్లకర్ర మడిచి పక్కకు పెట్టుకుంటడు,
నా చెప్పుల సప్పుడుకే "ఓదమ్మా" అంటడు.
ఆనాడు ఆయన కాలు తొక్కిన.
"నాలుగోసారి," అన్నడు మెల్లగ.
"నీ ఎడమకు నేనున్నప్పుడే తొక్కుతున్నవ్.
కుడికున్ననాడు ఒక్కసారి గూడ తొక్కలే."
చూపు లేని మనిషి
నా చూపును లెక్కగట్టిండు.
"జనం సైడిస్తలేరు సారూ" అని కసురుకున్న.
ఆయన ఏమనలే. దిగేటప్పుడు మాత్రం
"నేను గూడ గట్లనే అనేటోన్ని. రెండేండ్లు అన్న."

ఆ మాట టికెట్టు లేకుంట
నాతోటి డిపో దాక వచ్చింది.

ఆఫ్ నాడు వరంగల్ కంటి దవఖాన.
మిషిన్ల గదుమ ఆనించి, ఒక కన్ను మూసి,
చుక్క మెరిస్తే బటన్ నొక్కాలె.
టికెట్లు కొట్టే వేలాయె, ఆగదు.
మెరవని చుక్కకు గూడ నొక్కిన.
"ఊహించకమ్మా, కనపడితెనే నొక్కు" అన్నది ఆ పిల్ల.
అప్పుడు ఆగిన.
ఆగితే తెలిసింది
ఎంతసేపు ఏమీ మెరుస్తలేదో.

నా చూపు కాయిదం మీద అచ్చయి వచ్చింది.
ఎడమ దిక్కంతా నలుపు,
స్టేజీలు ఎత్తేసిన రూటు లెక్క.
"నీటికాసులు," అన్నది డాక్టరమ్మ.
"పోయింది రాదు. ఉన్నదాన్ని పోనియ్యొద్దు."
ఇంట్ల ఎవ్వరికన్న ఉండెనా అని అడిగింది.
నాయిన ఆఖరికి గోడ పట్టుకొని నడిచేది.
ముసలితనం అనుకున్నం.
ఆయనకప్పుడు యాభై గూడ లేవు.

రాత్రి చెల్లెకు ఫోన్ చేసిన.
"నాకు మంచిగనే కనపడ్తదక్కా."
"నాకు గూడ మంచిగనే కనపడేది."
చానాసేపు ఇద్దరం మాట్లాడలే.
"బుధవారం వస్త" అన్నది.

పొద్దుకొక చుక్క, మాపుకొక చుక్క.
మండుతది. డ్రైవర్ యాకూబ్ భాయ్
తన ఫోన్ల అలారం పెట్టుకున్నడు, నా మందుకు.
డిపో మేనేజర్‌కు కాయిదం ఇచ్చిన.
చదివిండు, మడిచిండు, మళ్ల చదివిండు.
ఏం చేస్తడో తెల్వదు.

ఇయ్యాల బస్సు కదిలినంక
నడుమ నిలవడి చెప్పిన,
గొంతు ఒణికింది గని చెప్పిన:
"నాకు ఎడమ దిక్కు సరిగ కనపడదు.
అటున్నోళ్లు జర నోటితోటి పిలువుండ్లి."
ఇంజన్ సప్పుడు ఒక్కటే.
గంతల మూడో సీట్ల నుంచి
"ఇగో బిడ్డా, నేనీడున్న. గూడెప్పాడ్.
పిలిచిన గద, ఇగ కార్డు తియ్యకున్న నడుస్తదా?"
"నడువదవ్వా. తియ్యి.
ఇటు పట్టు. ఇంకా ఇటు. నా ముక్కు ముందర."
బస్సంతా నవ్వింది.
నేనూ.